అన్నిటికీ ఒకే సైజు తూటా

మొదటి రోజు

ఈ పుస్తకంలో నేను రాసేది మూడే ముక్కలు. ఎవరు ఎన్ని తూటాలు పట్టుకెళ్ళారు, ఎన్ని తిరిగి తెచ్చారు, పేల్చాక మిగిలిన ఖాళీ తొడుగులు ఎన్ని. ఎనిమిదేళ్ళుగా అంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు, రాయాల్సిన అవసరమూ రాలేదు. ఈరోజు రాయకపోతే మాత్రం నాకు అంబలి గొంతు దిగేలా లేదు.

పాత రైలు పట్టాల వెంట మందు మోసే నడకకు వెళ్ళిన కొర్రా సింగు, వాడి చెల్లెలు బుద్రి, బయట ఎండ ముదిరిందని చెప్పే ఎండ గంట కొట్టాక వచ్చారు. గంట కొట్టాక మా ముప్పై ఒకటో సొరంగం ఇనుప తలుపు ఎవరికోసమూ తీయకూడదు. బయటి వేడి లోపలికి కొట్టిందంటే పుట్టగొడుగుల మడులు సాయంత్రానికి మాడిపోతాయి. బుద్రి తలుపును కాలితో తన్నింది. చేతులు ఖాళీ లేవు మరి, అన్నను వీపున మోసుకొచ్చింది. తీశాం. మడులు పోతే పోయాయి, మళ్ళీ వేసుకుంటాం.

ఎలుగుబంటి. నలభయ్యో సొరంగం వాళ్ళకు చక్కెర జబ్బు మందు అందించి, పగలంతా అక్కడే తలదాచుకుని, ఈ తెల్లవారుజామున పట్టాల వెంట తిరిగి వస్తుంటే రెండో వంతెన దాటాక మీద పడింది. సింగు ఎడమ కాలు మోకాలి కింద ఎలా ఉందో నేను చూశాను, రాయను. తలగుడ్డతో కట్టిన కట్టు తడిసి నల్లబడిపోయింది. వాడిని డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్ళారు. బుద్రి మాత్రం నా వెనకే తుపాకుల గదికి వచ్చి, రెండు పిస్టళ్ళూ తూటాలూ బల్ల మీద పెట్టింది. ఒళ్ళంతా అన్న రక్తమే.

"పోయి నీళ్ళు తాగవే, పిచ్చిదానా" అన్నాను. వెళ్ళింది.

సింగు: ఇచ్చినవి ఆరు, తిరిగి వచ్చినవి అయిదు, ఖాళీ తొడుగు ఒకటి. బుద్రి: ఇచ్చినవి ఆరు, తిరిగి వచ్చినవి నాలుగు, ఖాళీ తొడుగులు రెండు. సరిపోయింది.

అలా రాసి సంతకం కూడా పెట్టాను. చేతికి అలవాటు.

రెండో రోజు

తొమ్మిదో రోజున సభ ఉంది. నెల ముందే అనుకున్న సభ, ఈ ప్రమాదానికీ దానికీ సంబంధం లేదు. తేల్చాల్సిందల్లా ఒక్కటే: ఇకమీదట మన సొరంగం ఏ సైజు తూటా తయారు చేసుకోవాలి?

తూటాలు నొక్కే యంత్రం నాకంటే ముసలిది. దాని అచ్చులు నాలుగూ అరిగి ఊడ్చుకుపోయాయి. కమ్మరి అప్పలసూరి దగ్గరున్న గట్టి ఉక్కు ఒక్క కొత్త అచ్చుకే సరిపోతుంది. కాబట్టి ఒకే సైజు మిగులుతుంది. మిగతా తుపాకులన్నీ కొలిమిలోకి పోయి గునపాలవుతాయి. ఎలుగుబంటికీ, అడవి కుక్కల గుంపుకీ, పందికీ, సాయం కావాలని గాల్లోకి పేల్చడానికీ, అన్నిటికీ ఆ ఒక్క సైజే పనికిరావాలి. ఏది ఉంచాలో సభలో చెప్పాల్సింది తుపాకుల గది తాళం చెవి మొలకు కట్టుకుని తిరిగే మనిషి. ఆ మనిషిని నేనే. పేరు బోని నూకాలు, వయసు యాభై నాలుగు, చిన్నప్పుడంతా లేత్ మెషిన్ దగ్గర పెరిగాను.

పెద్ద తుపాకులు మోయడం మాకు కుదరదు. మందు కుండ ఇరవై కేజీల బరువు, చెక్కలు పుచ్చిన వంతెనల మీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నడుముకు వేలాడేదే తుపాకీ. మా దగ్గరున్నవి నాలుగు రకాలు. సొరంగంలో వాటిని అంకెలతోనే పిలుస్తారు. తొమ్మిది మిల్లీమీటర్ల లెక్క, మిగతావి అంగుళంలో వందో వంతుల లెక్క.

ముప్పై రెండు: చిన్న రివాల్వర్లు, అయిదు. కేజీ సీసానికి రెండు వందల తూటాలు వస్తాయి. కుక్కలకు భేషుగ్గా ఉంటుంది. ఎలుగుబంటికి దాంతో కోపం తెప్పించడం తప్ప ఇంకేమీ కాదు. ముప్పై ఎనిమిది: కాస్త పెద్ద రివాల్వర్లు, మూడు. కేజీకి తొంభై ఎనిమిది. దెబ్బ బాగుంటుంది గానీ మీట గట్టి, ఆరు తూటాలయ్యాక మళ్ళీ నింపుకునేసరికి తాతలు దిగివస్తారు. తొమ్మిది: పోలీసుల కాలం నాటి పిస్టళ్ళు, పద్నాలుగు. కేజీకి నూట ముప్పై. దెబ్బలోనూ అదుపులోనూ మధ్యరకం. నలభై అయిదు: రెండే రెండు పిస్టళ్ళు. కేజీకి అరవై ఏడంటే అరవై ఏడే. పేలిస్తే పేల్చినవాడి భుజం కూడా ఒక మాట అంటుంది.

మొన్నటిదాకా నా జవాబు తొమ్మిది. దానికున్న లోపం ఒక్కటే, పేలగానే ఖాళీ తొడుగును కుడి పక్కకు ఉమ్మేస్తుంది. రివాల్వరైతే కడుపులోనే దాచుకుంటుంది. తొడుగు ఇత్తడిది, దానిలో మళ్ళీ మళ్ళీ తూటా కట్టుకోవచ్చు. మరి ఇత్తడి ఎక్కడినుంచి వస్తుంది, ఆకాశం నుంచి రాలుతుందా? ఎనిమిదేళ్ళ కింద ఈ చిక్కును విప్పింది నేనే. తొడుగు తెస్తేనే తూటా. ఒక తొడుగు పోగొడితే తర్వాతి నడకకు ఒక తూటా తక్కువ. మాట చెప్పి ఊరుకోలేదు, శిక్షణ కూడా అలాగే ఇచ్చాను. ఖాళీ పిస్టలు మీట నొక్కి టిక్కుమనిపించగానే నేనొక పాత తొడుగును కుడి పక్కకు విసురుతాను. ముందు అది తీసి జేబులో వేసుకోవాలి, ఆ తర్వాతే రెండో టిక్కు. ఎనిమిదేళ్ళలో పోయిన తొడుగులు నాలుగంటే నాలుగు. ఈ సొరంగం మొత్తంలో నా అంత గట్టిగా పని చేసినవాళ్ళు ఇంకెవరున్నారో చూపించమనండి.

ఇప్పుడు మాత్రం అందరిదీ ఒకటే పాట. సభ పెద్ద గౌరీసు పొద్దున్నే గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నూకాలప్పా, తొమ్మిది తగిల్నాక కూడా ఎలుగు నెగిసి మీదకొచ్చీసినాది గదా. ఇంకేటి ఆలోసన? నలబయ్యైదు పెట్టీ. పెద్ద తూటా, పెద్ద దెబ్బ."

"పెద్ద నోరు కూడా" అన్నాను. నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

సింగును చూడ్డానికి వెళ్ళాను. తుపాకీ నేర్పిన రోజు నుంచీ వాడు నన్ను సొంత అప్పలాగే చూస్తాడు. "ఏం జరిగిందిరా?" అని అడిగాను. వాడు సొరంగం కప్పు వైపు చూస్తూ, "జారిపోనానప్పా. కంకర మీద కాలు జారిపోనాది" అన్నాడు. జ్వరంగా ఉందని ఇంకేమీ అడగలేదు.

మూడో రోజు

కాలు తీసేశారు. మోకాలి కింద నుంచి.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఓ అరగంట ముందు గట్టిగా కట్టి తెచ్చుంటే నిలబెట్టేదాన్నేమో" అంది. ఎవరినీ తప్పుపట్టినట్టు అనలేదు, మామూలుగానే అంది. సింగుకు ముప్పై ఒక్కేళ్ళు. పట్టాల మీద వాడు నడుస్తుంటే చూడాలి, స్లీపరు దిమ్మె ఒక్కటీ తప్పకుండా, వంతెన మీద కూడా పాట పాడుకుంటూ పోయేవాడు. నేను గదిలోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నాలుగో రోజు

ఏడుపుతో పని జరగదు. తర్వాతి మందు కుండ పదో రోజు తెల్లవారుజామున బయలుదేరాలి. మన తొట్లలో పులియబెట్టి తీసే ఆ మందు పది రోజులకు మించి నిలవదు, నలభయ్యో సొరంగంలో పదకొండు మంది ప్రాణాలు దాని మీదే ఉన్నాయి. ఈ వంతులో బుద్రి వెళ్ళాలి, జతకు ఎవరో తేలాలి. నా లెక్కలో ఇప్పుడు ప్రశ్న చాలా చిన్నది. ఏ తుపాకీ ఆ పిల్ల చేతిలో పెడితే ఆ పిల్ల తిరిగి వస్తుంది?

సభ అనుమతితో ఇరవై నిజం తూటాలు పరీక్షకు తీశాను. ఎనిమిదేళ్ళలో శిక్షణకు నిజం తూటా వాడడం ఇదే మొదటిసారి. సొరంగం పడమటి చివర గోనె మీద బొగ్గుతో ఎలుగుబంటిని గీశాను. గౌరీసు చూసి "ఇది పందా, గేదా?" అన్నాడు. పక్కకు పొమ్మన్నాను.

ముందు నలభై అయిదు. బుద్రి చేయి చిన్నది, పిడి చుట్టూ వేళ్ళు అందలేదు. మొదటి తూటా గోనెకు తగిలింది, రెండోది కప్పుకు తగిలి మా అందరి నెత్తిన మట్టి రాలింది. గౌరీసు బట్టతల దులుపుకున్నాడు.

తర్వాత తొమ్మిది. మొదటిది ఎలుగు గుండెల్లో పడింది. రెండోది గోనెకు మూరెడు కుడి పక్కన. మూడోది కూడా అంతే. ఇదేమిటి? తొమ్మిది తన్నదు, ఆ పిల్ల చేతికి అది గరిటె పట్టుకున్నంత సుళువు. మళ్ళీ పేల్చమన్నాను. ఈసారి గోనెను కాదు, బుద్రి మొహాన్ని చూశాను.

పేలగానే ఆమె కళ్ళు కుడి పక్కకు, కిందకు పోయాయి. తొడుగు ఎక్కడ పడిందో చూసుకుని, ఒక అడుగు అటు వేసి, వంగబోయి, అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ గోనె వైపు తిరిగింది.

మిగతా నలుగురు నడకవాళ్ళనూ పిలిచి తలా రెండు పేల్పించాను. నలుగురూ అంతే. బొగ్గు ఎలుగుబంటి ఎదురుగా ఉంటే నలుగురూ నేల వైపు చూశారు. ఒక్కరికీ తాము అలా చేస్తున్నట్టు తెలియదు. అక్కడే రైలు పట్టా మీద కూర్చుండిపోయాను. గౌరీసు, "ఎండ దెబ్బేటి?" అని నీళ్ళు తెప్పించాడు.

అయిదో రోజు

మొదటి రోజు పేజీ తీసి చూసుకున్నాను. సింగు, ఖాళీ తొడుగు ఒకటి. బుద్రి, ఖాళీ తొడుగులు రెండు. ఎలుగుబంటి మీద పడి కాలు చీల్చిన మనిషి దగ్గర తొడుగు ఎలా ఉంది? సరిపోయిందట. సంతకం కూడా పెట్టాను. నా చేతులు విరగ్గొట్టాలి.

పుట్టగొడుగుల మడుల దగ్గర బుద్రి ఒక్కతే మాడిన గడ్డి తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీయడం మొదలుపెట్టాను.

"మీ అన్న జారిపడలేదు కదే."

బుద్రి చేతిలో గడ్డి కింద పెట్టింది.

"ఒక్కటే పేల్చినాడప్పా. ఎలుగు పడిపోనాది. కదల్నేదు. అన్న తొడుగు తీడానికి వంగినాడు. నాను కూడా తొడుగు కాసే సూస్తన్నాను, ఎలుగు కాసి సూడ్నేదు. అది నెగిసి వచ్చీసినాది."

"తర్వాత?"

"నాను రెండు పేల్చినాను. పారిపోనాది."

"తర్వాత?"

అప్పుడు ఏడ్చింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, మాటలు మింగుతూ చెప్పింది. "అన్న నొప్పితో అరుస్తనే, 'తొడుగులు ఎతకవే, పదో రోజుకి నీకు తూటాలు తక్కువొస్తాయి' అన్నాడు. ఎతికినాను. ఒకటి బేగి దొరికీసినాది. రెండోది కంకర్లో దూరిపోనాది. అన్న నెత్తురు కారతంటే నాను కంకర తవ్వినానప్పా. దొరికినాకే కట్టు కట్టినాను. ఎందుకలగ సేసినానో నాకే తెల్దు."

నాకు తెలుసు. ఆ పిల్లకు పదిహేడేళ్ళప్పుడు నేనే నేర్పాను కాబట్టి తెలుసు. దగ్గరకు తీసుకున్నాను. "నీ తప్పు కాదే, నీ తప్పు కాదు" అంటూనే ఉన్నాను. ఎవరి తప్పో చెప్పే ధైర్యం మాత్రం అప్పుడు రాలేదు.

"డాక్టరమ్మ అన్న మాట అన్నకి సెప్పకప్పా" అంది. అరగంట మాట.

ఆరో రోజు

సిగ్గు విడిచి రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే రేపు నాకు నేనే వేరే కథ చెప్పుకుంటాను.

మా సొరంగంలో ఒక పద్ధతి ఉంది. ఏ నియమమైనా పెట్టినవాళ్ళ పేరు మీదే నడుస్తుంది. అది ఎవరికైనా హాని చేస్తే, పెట్టినవాళ్ళే సభలో లేచి చెప్పి తీసేయాలి. తీసేసి తమ తాళం చెవి దించాలి. చాలా మంచి పద్ధతని నేనే ఇద్దరి చేత తాళాలు దింపించాను. నాకు పిల్లల్లేరు, మొగుడు పోయి పదమూడేళ్ళు. ఈ గది ఉంది. పొద్దున్న లేచి నూనె గుడ్డ పట్టుకుంటే సాయంత్రం దాకా నాకు నేను అక్కర్లేదు. ఇది కూడా పోతే నేనేం చేస్తానో నాకు తెలియదు. భయమేసింది.

అలాంటి పూట అప్పలసూరి వచ్చాడు. అతనికి ఏమీ తెలియదు, పాపం. అచ్చు కొలతల కోసం వచ్చాడు.

"నానొకటి సెప్తానప్పా. నలబయ్యైదు ఒద్దు, తొమ్మిదీ ఒద్దు. ముప్పయ్యెనిమిది ఎట్టీ. నడకకి ఎల్లేది ఇద్దరే గదా, మూడు రివాల్వర్లు సాల్దా? తొడుగు కూడా కింద పడదు, అందులోనే ఉంటాది. నీ నియమానికి నియమం, దెబ్బకి దెబ్బ."

నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. తొడుగు కింద పడదు. పడకపోతే వంగరు. నియమం ఉంటుంది, అడ్డం రాదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. సింగు జారిపడ్డాడు, అంతే. అప్పలసూరికి బెల్లం ముక్క పెట్టి పంపాను. సభకు చదవాల్సిన కాగితం గంటలో రాసేశాను: ముప్పై ఎనిమిదే ఎందుకు, ఏడు కారణాలు. ఏడూ నిజాలే. ఒక్క అబద్ధం లేదు, అసలు నిజం కూడా లేదు.

ఏడో రోజు

పరీక్షకు తీసినవాటిలో ముప్పై ఎనిమిదివి ఆరు మిగిలాయి. బుద్రికి ముప్పై ఎనిమిది రివాల్వరు ఇచ్చాను. మీట గట్టిగా ఉందని రెండు వేళ్ళు వాడబోయింది. వద్దన్నాను. తొడుగు గొడవ లేదు, ఆరూ వరసగా గోనె మీదే పేల్చేయమన్నాను.

మొదటిది తగిలింది.

కళ్ళు కుడి పక్కకు, కిందకు.

అక్కడ ఏముంది? ఏమీ లేదు. తొడుగు రివాల్వరులోనే ఉంది, ఉందని ఆ పిల్లకు తెలుసు. అయినా చూసింది. రెండోసారీ చూసింది. మూడోసారి తనకే తెలిసిపోయి, "సూడనప్పా, ఈపాలి సూడను" అని పళ్ళు బిగించి పేల్చి, మళ్ళీ చూసింది.

ఎనిమిదేళ్ళు నేను కుడి పక్కకు తొడుగులు విసిరాను. ఏ సైజు తూటా పెడితే ఆ మెడ తిరక్కుండా ఉంటుంది? నలభై అయిదు కాదు, తొంభై పెట్టినా తిరుగుతుంది. అసలు విషయం చెప్పి, నియమం తీసేసి, మొదటి నుంచి మళ్ళీ నేర్పితేనే పోతుంది. చెప్పకుండా ఏ తుపాకీ ఇచ్చి పంపినా ఆ పిల్లను చేతులారా ఎలుగుబంటికి ఇచ్చినట్టే.

ఏడు కారణాల కాగితం చింపాను.

తొమ్మిదో రోజు

నిన్న ఏమీ రాయలేదు, మాటలు పేర్చుకుంటూ గడిచింది. తీరా సభలో నిలబడేసరికి పేర్చుకున్నవేవీ నోటికి రాలేదు.

బయట ఎండ నిప్పులు చెరిగే వేళ, సొరంగం నడుమ అందరూ కూర్చున్నారు. గౌరీసు, "ఏ సైజో సెప్పీ అప్పా, కూడు టైమయిపోతన్నాది" అన్నాడు.

"సైజు తర్వాత చెప్తాను. ముందు సింగు కాలు ఎవరు తీశారో చెప్తాను" అన్నాను.

చెప్పాను. తొడుగు కోసం వంగడం, కంకరలో వెతకడం, నలుగురు నడకవాళ్ళ కళ్ళు, రివాల్వరుతో బుద్రి. బుద్రి తప్పు వీసమెత్తు లేదని రెండుసార్లు చెప్పాను. అరగంట మాట మాత్రం చెప్పలేదు, అది ఆ పిల్ల నాకు అప్పజెప్పిన మాట. "ఈ నియమం నాది. ఈరోజుతో తీసేస్తున్నాను. తొడుగు పోతే పోనీండి. ఇత్తడి కావాలంటే మా ఇంట్లో రెండు బిందెలున్నాయి, ముందు అవి కరిగించండి" అన్నాను. మొల నుంచి తాళం చెవి తీసి గౌరీసు ముందు పెట్టాను. ముడి చెమటకు తడిసి బిగుసుకుపోయి వెంటనే రాలేదు. అంతమంది ముందు ముడి విప్పుకుంటూ నిలబడడం, అబ్బ, నా పగవాళ్ళకు కూడా వద్దు.

గౌరీసు గొంతు సవరించుకున్నాడు. "మరి సైజు?"

"తొమ్మిదే. ఒక్క దెబ్బకు ఎలుగు పడుతుందని నేను చెప్పను, మన దగ్గరున్న ఏ పిస్టలుకూ నేను ఆ మాట ఇవ్వలేను. కానీ బుద్రి చేతిలో అది కుదురుగా నిలుస్తుంది. రెండోది, మూడోది కూడా అనుకున్న చోట తగిలించగలదు. పద్నాలుగు ఉన్నాయి, ఒకటి చెడితే దాని ముక్కలు ఇంకోదానికి వస్తాయి. సీసం కూడా అందుతుంది కాబట్టి ఇకమీదట నిజం తూటాలతో నేర్పచ్చు. పేల్చాక ముందుకే చూడడం నేర్పండి. అదొక్కటే నా సలహా, మిగతాది మీ ఇష్టం."

చేతులెత్తారు. తొమ్మిది నిలిచింది. తాళం చెవి అప్పలసూరికి ఇచ్చారు. అతను దాన్ని పట్టుకోలేక పట్టుకుని, "నానేటి పాపం సేసినానప్పా" అన్నాడు. పాపం, బెల్లం తిన్న మనిషి.

రేపటి నడకకు బుద్రికి జత ఎవరని అడిగారు. మిగతా నలుగురూ రేపే తూర్పు దారిన ఉప్పు కోసం వెళ్ళాలి. నేను వెళ్తానన్నాను. గౌరీసు నవ్వబోయి నా మొహం చూసి ఆపుకున్నాడు. బుద్రి లేచి, "రానీండి. ముందు నాను నడుస్తాను, ఎనక తను" అంది.

సభ నుంచి నేరుగా సింగు దగ్గరకు వెళ్ళాను. కబురు నాకంటే ముందే చేరింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఒక పక్క లేదు.

"నువ్వు సెప్పకపోతే నాను సెప్పీవోణ్ణి కాదప్పా" అన్నాడు.

"తెలుసురా."

"ఎందుకు సెప్పినావు? నీకు తేలికయిపోనాది. మరి నాకు? నాను జారిపడ్డానని అందరూ అనుకుంటే నాకు సుకంగా ఉండీది. ఇప్పుడేటంటారు? ఇత్తడి ముక్క కోసం వంగి కాలు పోగొట్టుకున్న ఎర్రోడంటారు." గొంతు లేచింది. పక్కనున్న నీళ్ళ చెంబును తోసేశాడు. "ఎనిమిదేళ్ళు నీ మాటే నాకు ఏదం. వంగమంటే వంగినాను. నువ్వెప్పుడైనా ఆ దారంట నడిసినావా? ఒక్కపాలి నడిసినావా?"

లేదు. ఒక్కసారి కూడా నడవలేదు. గదిలో కూర్చుని తొడుగులు విసిరాను. "లేదురా. నా తప్పే. నీకు నేను తిరిగి ఇవ్వగలిగింది ఏదీ లేదు" అన్నాను. చెంబు ఎత్తి నీళ్ళు తుడిచాను. పొమ్మంటే పోదామని నిలబడ్డాను. పొమ్మనలేదు. గోడ వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమో, భుజాలు కదిలాయి. నేనూ ఏడ్చాను, కానీ సడి చేయలేదు.

"రేపు నువ్వెల్తన్నావంట" అన్నాడు గోడ వైపే చూస్తూ.

"అవును."

"యాబయ్యేళ్ళు దాటిపోనాయి నీకు."

"నాలుగు దాటాయి."

ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపం పోలేదు. పోతుందని నేను అనుకోవడం కూడా లేదు.

"రెండో వంతెన మీద ఎడం పక్క సెక్కలు పుచ్చిపోనాయి. కుడి పక్కే అడుగెయ్యి. మూడో వంతెన కాడ గాలి ఎక్కువ, కుండ వీపునుంచి దించి ముందుకి కట్టుకో. ముప్పయ్యారో సొరంగంలోకి ఎల్లే ముందు రాయి ఇసురు, కుక్కలుంటే మొరుగుతాయి. ఎండ గంట నీకు అక్కడ ఇనపడదు. నీ నీడ పొట్టిదయిపోయి పట్టా లోపలికి రాకముందే తలుపు కాడికి సేరిపోవాలి."

అప్పలసూరికి అప్పజెప్పాల్సిన ఈ పుస్తకమే చేతిలో ఉంది. ఇందులోనే రాసుకుంటూ పోయాను.

"ఏదైనా మీదకొస్తే పేల్చు. పేల్చినాక దాని కాసే సూడు. పడిపోనాది గదా అని కన్ను తిప్పకు. అది సచ్చిపోనాదని నీకు నమ్మకం వచ్చీదాకా సూడు. కిందకి సూడకు, వంగకు. బుద్రి వంగితే జుట్టట్టుకుని లాగీ." ఆగాడు. "రాసినావా?"

"రాశాను."

"రాస్తే కాదు. పుస్తకం మూసి సెప్పు."

తుపాకీ నేర్పిన కొత్తలో వాడి చేత నేను పదేసిసార్లు ఒప్పజెప్పించేదాన్ని, ఒక్క మాట తప్పినా మొదటి నుంచి మళ్ళీ. పుస్తకం మూసి చెప్పాను. రెండో వంతెన కుడి పక్క. మూడో వంతెన దగ్గర కుండ ముందుకు. ముప్పై ఆరు ముందు రాయి. పేల్చాక...

"తప్పు" అన్నాడు సింగు. "నీడ సంగతి మర్చిపోనావు. మొదట్నుంచి మళ్ళీ సెప్పు."

మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.